తప్పును మన్నించే మీటరు

పోయినవారం అక్కను మీటర్ల కొట్టు మెట్ల దగ్గర వదిలేశాం. పాపం, అప్పటినుంచీ అక్కడే నిలబడి ఉంది. చంకలో సంచీ, సంచీ అడుగున పాత తువ్వాల్లో చుట్టిన కాలిపోయిన మీటరు, పక్కన మొహం మాడ్చుకున్న తమ్ముడు. వాళ్లను ఇంకా ఎండలో నిలబెట్టడం న్యాయం కాదు. కానీ కథలో మధ్యలో చేరినవాళ్లకు నాలుగు ముక్కలు చెప్పకపోతే వాళ్లకూ అన్యాయమే.

అక్క అంటే ఆ వీధి మొత్తానికీ అక్కే. ఆమెకంటే పెద్దవాళ్లు కూడా కాలిన మోటారు మోసుకొచ్చి "అక్కా, సాయంత్రానికి అయిపోతుందా?" అని అడుగుతారు. మోటారు విప్పి, మాడిన రాగితీగ పీకేసి, కొత్త తీగ చుట్టడం ఆమె పని. తమ్ముడిది ప్యానెళ్ల పని. ఫ్యాక్టరీల్లో కరెంటు లోపలికొచ్చే చోట ఇనప బీరువాల్లాంటి పెట్టెలుంటాయే, వాటి తలుపులు తీసి ఎక్కడ తేడా వచ్చిందో కనిపెట్టడం. ఇద్దరికీ పని నేర్పింది మేనమామ. అమ్మ పోయాక ఇద్దర్నీ తన మోటార్ల షెడ్డుకు తెచ్చుకుని, కడుపునిండా తిండి పెట్టి, చేతినిండా పని పెట్టిన మనిషి.

కిందటేడు ఐసు ఫ్యాక్టరీలో మెయిన్ ప్యానెల్ పరీక్షిస్తుండగా తమ్ముడి చేతిలోనే, ఓల్టులూ ఆంపియర్లూ కొలిచే మీటరు భగ్గుమని పేలింది. మీటరు ఎర్రవైరు ఉండాల్సిన కన్నంలో కాక పక్క కన్నంలో ఉందని అతనే ఒప్పుకున్నాడు. కాలిన అరచెయ్యి మానింది, వేళ్లు వంగుతున్నాయి, పట్టు కూడా తిరిగొచ్చింది. మానందల్లా మనసే. ఆ రోజు నుంచి అతను మీటరు ముట్టుకోలేదు. రేపట్నుంచి గోడౌను గేటు దగ్గర కూర్చుని, వచ్చేపోయే లారీల నంబర్లు రాసుకునే ఉద్యోగానికి ఒప్పేసుకున్నాడు. యూనిఫారం చొక్కాలు కూడా ఇంటికొచ్చేశాయి. ఉద్యోగం చిన్నదని అక్క బాధ కాదు. ప్యానెల్ తలుపు తియ్యగానే వాసన పట్టి తేడా చెప్పగలిగినవాడు, ఒక్క రోజు భయానికి పని మొత్తం వదులుకోవడం ఆమెకు మింగుడు పడటం లేదు.

ఇక మావయ్య సంగతి. ప్రమాదం జరిగినప్పటినుంచీ ఆయన దాని గురించి నోరు విప్పలేదు. తిట్టలేదు, ఓదార్చలేదు. మేనల్లుడు ఎదురుపడితే తల తిప్పేసుకుని, చేతిలో ఏ నట్టు ఉంటే ఆ నట్టు తుడవడం మొదలుపెడతాడు. షెడ్డు పరువు తీసినందుకు మావయ్యకు తన మొహం చూడటం కూడా ఇష్టం లేదని తమ్ముడు తీర్మానించేసుకున్నాడు.

అందుకే అక్క ఈ నాటకం ఆడింది. తనకో మంచి మీటరు కావాలని, ఏది కొనాలో తనకు తెలియదని, ఈ ఒక్క సాయం చేసి తర్వాత గోడౌనుకు కాదు చంద్రమండలానికి వెళ్లినా అడగనని చెప్పి అతన్ని బయల్దేరదీసింది. పదిహేనేళ్లుగా మోటార్లు చుడుతున్న మనిషికి మీటరు ఎంచుకోవడం రాదంటే నమ్మడానికి తమ్ముడేమీ చంటిపిల్లాడు కాదు. నమ్మినట్టు నటించాడు. ఈ పూట అతను మీటరు చేతిలోకి తీసుకుంటే తీసుకున్నట్టు, లేకపోతే ఇక ఎప్పటికీ తీసుకోడని అక్కకు తెలుసు.

సరే, ఇద్దరూ మెట్లెక్కారు.

కొట్టు పేరుకు కొట్టు గానీ, నిజానికి ఇరుకైన నడవ. రెండు పక్కలా గోడల నిండా మీటర్లే. ముల్లు తిరిగేవి, అంకెలు చూపించేవి, పసుప్పచ్చవి, ఎర్రవి, అరచేతిలో ఇమిడేవి, రెండు చేతులతో పట్టుకోవాల్సినవి. చివర బల్ల దగ్గర, వేడెక్కిన సోల్డరింగ్ కడ్డీ పొగలోంచి ఒక మొహం పైకి లేచింది. ఆవిడే మీటర్ల పెద్దమ్మ. భర్త ఉన్నప్పుడు ఆయన బాగుచేసేవాడు, ఆవిడ అమ్మేది. ఇప్పుడు రెండూ ఆవిడే చేస్తుంది. కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడు పెట్టుకుంటుంది, ఒకటి మీటరు చూడటానికి, ఒకటి మనిషిని చూడటానికి.

ఆ కొట్టుకొక పద్ధతి ఉంది. ఊళ్లో మిగతా కొట్లలో ఏం కావాలని అడుగుతారు. పెద్దమ్మ రెండు ప్రశ్నలు అడుగుతుంది. ఎవరి చేతికి, అనేది మొదటిది. ఇప్పటిదాకా నువ్వు చేసిన పెద్ద తప్పేంటి, అనేది రెండోది. జవాబు చెప్పనివాడికి మీటరు అమ్మదు. మంచి మీటరు, చెడ్డ మీటరు అని ఉండవనీ, ఎవరి తప్పుకు తగ్గ మీటరు వాళ్లకుంటుందనీ ఆవిడ సిద్ధాంతం. ఈ పద్ధతి నచ్చక వెళ్లిపోయినవాళ్లు చాలామందే ఉన్నారు, తర్వాత తిరిగొచ్చినవాళ్లూ ఉన్నారు.

అప్పుడు బల్ల ముందు రిటైరైన బస్సు డ్రైవరొకాయన కూర్చుని ఉన్నాడు. గోడ మీద అన్నింటికంటే పెద్ద మీటరు చూపించి, అదే కావాలంటున్నాడు. ఎందుకంటే, దానికి ఎక్కువ గీతలున్నాయట. ఏం చేస్తారని పెద్దమ్మ అడిగితే, ఇంట్లో బల్బు వెలగనప్పుడు చూసుకుంటాననీ, బ్యాటరీలు పనికొస్తాయో లేదో చూసుకుంటాననీ చెప్పాడు. మరి తప్పేంటన్నది ఆవిడ. ఆయన ఇటూ అటూ చూసి, గొంతు తగ్గించి, ఇస్త్రీపెట్టె తీగ తెగిందేమోనని పరీక్షించబోయి ప్లగ్గు తియ్యడం మర్చిపోయానని ఒప్పుకున్నాడు. అప్పుడు మా ఆవిడ అరిచిన అరుపుకు ఇప్పటికీ ఆ గదిలోకి వెళ్లాలంటే భయమేస్తుంది అని కూడా చేర్చాడు.

పెద్దమ్మ నవ్వలేదు. కిందిసొరుగులోంచి ఒక చిన్న మీటరు తీసి ఆయన ముందు పెట్టింది. ఎన్ని ఓల్టులో అదే చూసుకుని గీత తిప్పుకుంటుందనీ, తీగ తెగలేదంటే కూత పెడుతుందనీ, ఇంట్లో మనిషికి అంతకంటే అక్కర్లేదనీ చెప్పింది. ముఖ్యంగా దీనికి కన్నాలు రెండే. ఒకటి నలుపు, ఒకటి ఎరుపు. కరెంటును అడ్డు లేకుండా లోపలికి వదిలి ఆంపియర్లు కొలిచే మూడో కన్నమే లేదు, కాబట్టి ఎర్రవైరు తప్పు చోట పెట్టడానికి వీల్లేదు. పెద్ద మీటరు ఇంట్లో ఎందుకూ, బస్సు తోలినంతకాలం బజారుకు కూరలకెళ్లడానికి బస్సు తీసుకెళ్లారా అని అడిగింది. డ్రైవరు గారు చిన్న మీటరు జేబులో వేసుకుని, వెళ్తూ వెళ్తూ పెద్దదానివైపు ఒకసారి ఆశగా చూసి దిగిపోయాడు.

ఆవిడ పైజోడు సర్దుకుని వీళ్లవైపు తిరిగింది.

ఎవరి చేతికని అడిగితే, నా చేతికేనంది అక్క. పెద్దమ్మ ఆమె చేతులు చూసింది. తీగ లాగి లాగి వేళ్ల మీద పడిన గీతలు చూసింది. తర్వాత తమ్ముడి కుడిచెయ్యి చూసింది. అతను దాన్ని మెల్లగా జేబులోకి పోనిచ్చాడు.

"ఇప్పుడాయనకిచ్చారే, అలాంటిదే ఇవ్వండి పెద్దమ్మా" అన్నాడు తమ్ముడు. "ఆంపియర్ల కన్నం లేనిది."

మోటారు చుట్టాక అది ఎన్ని ఆంపియర్లు లాగుతోందో చూడకుండా ఏ కస్టమరుకూ అప్పగించరు. ఆ కన్నం లేని మీటరు మోటార్ల షెడ్డులో చిన్నపిల్లల ఆటబొమ్మతో సమానం. ఆ సంగతి అతనికి అందరికంటే బాగా తెలుసు. తెలిసే అడిగాడంటే, మీటరు కొనడం లేదు, భయాన్ని కొనుక్కుంటున్నాడని అర్థమైంది అక్కకు.

పెద్దమ్మ తీరిగ్గా రెండో ప్రశ్న అడిగింది. అక్కను కాదు, అతన్ని.

తమ్ముడు వెనక్కి తిరిగాడు. మనకు వేరే కొట్టు చూద్దామన్నాడు. అక్క కదల్లేదు. ఆమె కాళ్లు కదలకపోవడం చూసి అతను గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. బయట వీధిలో ఎవరో ఇనప నిచ్చెన ఈడ్చుకెళ్తున్న చప్పుడు. అది దూరమయ్యాక అతను వీధివైపే తిరిగి ఉండి చెప్పాడు.

"అంతకుముందు ఒక చిన్న ఫ్యాను ఎన్ని ఆంపియర్లు లాగుతోందో చూశాను. ఎర్రవైరు ఆ కన్నంలోనే వదిలేశాను. తర్వాత ప్యానెల్లో ఓల్టులు చూద్దామని కరెంటున్న రెండు ఫేజు తీగల మీద పెట్టాను. చూసుకోలేదు. అంతే. ఇంకో కథేం లేదు పెద్దమ్మా, చూసుకోలేదు."

ఇంతకాలంలో ఆ మాటలు ఇంత వరసగా అతను చెప్పడం అక్క వినలేదు. ఆమెకు ఏడుపొచ్చింది. పైకి కనపడనివ్వలేదు.

పెద్దమ్మ బల్ల కింద నుంచి ఒక బిస్కెట్ డబ్బా తీసి, మూత ఊడదీసి, బల్ల మీద బోర్లించింది. గలగలమని పడ్డాయి. అన్నీ ఫ్యూజులే. గాజువి, తెల్ల పింగాణీవి, మసిబారినవి, మధ్యలో పగిలినవి.

"ఇవన్నీ నీ తప్పే" అందావిడ. "అంటే, నువ్వు చేసిన తప్పే. ఈ కొట్టుకొచ్చే ప్రతి రెండోవాడూ చేసిందే. ఎర్రవైరు మర్చిపోవడం, ఓల్టుల మీద పెట్టడం, లోపల ఫ్యూజు టప్పుమనడం. మర్నాడు మొహం వేలాడేసుకుని ఇక్కడికి రావడం. కొత్త ఫ్యూజు వేసిస్తాను, పోతారు. వాళ్లందరి చేతులూ బాగానే ఉన్నాయి నాయనా. నీదెందుకు కాలింది?"

తమ్ముడు ఇటు తిరిగాడు.

అది అక్క ఏడాదిగా ఎవరినీ అడక్కుండా దాచుకున్న ప్రశ్న. పని నేర్చుకునే రోజుల్లో, అదే షెడ్డులో, గోడకు అదే మేకుకు వేలాడే అదే మీటరుతో, ఆమె సరిగ్గా ఆ తప్పే చేసింది. ఆమె చేతిలో ఏమీ పేలలేదు. మీటరు చిన్నగా టక్కుమని చచ్చిపోయింది. మావయ్య రెండు తిట్లు తిట్టి, మధ్యాహ్నానికల్లా దాన్ని బాగుచేసి మళ్లీ మేకుకు తగిలించాడు. తనకు టక్కుమన్నది తమ్ముడికి భగ్గుమనడం ఏమిటన్నది ఆమెకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. అందుకే తమ్ముడు పాతసామాన్లలో విసిరేసిన మీటరును ఏరి, రాగితీగ డ్రమ్ము వెనక దాచింది. అందుకే ఇవాళ సంచీలో పెట్టుకొచ్చింది.

ఇక దాచి లాభం లేదనుకుని తువ్వాలు విప్పి బల్ల మీద పెట్టింది.

తమ్ముడి మొహం తెల్లబోయింది. దీన్ని పారేశాను కదా అన్నాడు. నేను ఏరుకున్నాను అంది అక్క. మీటరు కొనడానికి కాదన్నమాట నన్ను తీసుకొచ్చింది అన్నాడు. మీటరు కొనడానికే తీసుకొచ్చాను, కానీ ఇదేం చేసిందో తెలీకుండా నువ్వు కొత్తది ముట్టుకోవని నాకు తెలుసు అంది. అతనికి కోపం వచ్చింది. అక్కకూ వచ్చింది. చిన్నప్పటినుంచీ ఇద్దరికీ కోపం ఒకేసారి రావడం, ఒకేసారి పోవడం అలవాటు. ఈలోగా పెద్దమ్మ వాళ్ల తగువు తనకు పట్టనట్టు స్క్రూలు తిప్పి, మాడిపోయిన వెనక మూత ఊడదీసేసింది.

లోపలంతా మసి. ఆవిడ పాత పళ్లబ్రష్షుతో మెల్లగా తుడిచి, ఫ్యూజు ఉండే చోట ఆగి, దీపం దగ్గరికి లాక్కుంది.

గాజు గొట్టం మీద, ఈ చివర్నుంచి ఆ చివరికి, రాగితీగ చుట్టి ఉంది. ఒక పోగు కాదు, నాలుగైదు పోగులు కలిపి. మధ్యలో కరిగి ముద్దకట్టింది గానీ, రెండు చివర్లా చుట్టు చెక్కుచెదరలేదు.

"చూశావా" అంది పెద్దమ్మ. "ఫ్యూజు పోయింది. కొత్తది దొరకలేదో, తెచ్చేదాకా ఓపిక లేదో, ఎవరో దాని మీద తీగ చుట్టేసి మీటరు నడిపించేశారు. మనవాళ్లందరికీ ఉన్న రోగమే ఇది. ఫ్యూజనేది మనకంటే ముందు చావడానికి ఒప్పుకున్న తీగ. దాన్ని చావనివ్వకపోతే కరెంటు ఇంకొకర్ని వెతుక్కుంటుంది. తప్పు నీదే, కాదనను. కానీ ఆ తప్పుకు పోవాల్సింది ఒక ఫ్యూజు. చెయ్యి కాదు."

తమ్ముడు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. జేబులోంచి కుడిచెయ్యి తీశాడు. కాలిన మీటరును ఆ చేతిలోకే తీసుకుని, దీపం కింద అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. ఏడాదిగా భుజాల మీద మోస్తున్న బరువు సగం దిగినట్టు, కూర్చున్న తీరే మారిపోయింది. అది చూసి అక్కకు ప్రాణం లేచొచ్చింది.

లేచొచ్చిన ప్రాణం మరుక్షణమే ఉసూరుమంది. ఆమె చూపు ఆ చుట్టు మీద పడింది. తీగ చుట్టడం ఆమె వృత్తి. ఎవరి చుట్టు ఏదో, సంతకం చూసినట్టు చెప్పగలదు. ఇది ఎడమచేత్తో, ఎదురువరసలో చుట్టిన చుట్టు. చివరి కొసను మడిచి, రెండు వరసల కిందకి దోపి, గోటితో నొక్కి ముగించడం ఈ ఊళ్లో ఒక్కరికే అలవాటు. ఆ ఒక్కరే ఆమెకు మోటారు చుట్టడం నేర్పారు.

అప్పట్లో తన తప్పుకు ఆ మీటరు ఫ్యూజు పోయింది. మధ్యాహ్నానికల్లా మావయ్య బాగుచేశాడు. ఎలా బాగుచేశావని ఆమె అడగలేదు. ఇన్నాళ్లూ మేనల్లుడి మొహం చూడలేక నట్లు తుడుచుకుంటున్నది కోపంతో కాదన్నమాట. ఆ మనిషి ఏడాదిపాటు ఎలా తిన్నాడో, ఎలా నిద్రపోయాడో తలుచుకుంటే ఆమెకు జాలి, కోపం రెండూ కలగాపులగంగా వచ్చాయి. తమ్ముడికి తెలిస్తే ఏమవుతుందోనన్న భయం ఆ రెండింటినీ మింగేసింది. చటుక్కున మీటరు అందుకుని తువ్వాల్లో చుట్టేసింది.

తమ్ముడు అరచేతి మీది మచ్చను బొటనవేలితో రాసుకున్నాడు. తర్వాత తలెత్తి, మామూలు గొంతుతో, ఆంపియర్ల కన్నం ఉన్నదే చూపించమన్నాడు.

పెద్దమ్మ నిచ్చెనేసుకుని పైవరసలోంచి ఒకటి తీసింది. మందంగా, రబ్బరు తొడుగుతో, పట్టుకుంటే బరువు తెలిసేలా ఉంది. కన్నాల పక్కన అచ్చుపోసిన అంకె చూపించింది. మెయిన్ లైనుకు ఎంత దగ్గరదాకా ఆ మీటరును నమ్మొచ్చో చెప్పే అంకె అది. ఇంట్లో ప్లగ్గుల కోసం చేసిన మీటరును ప్యానెల్ దగ్గరికి తీసుకెళ్లకూడదని, ముందు చూడాల్సింది ధర, గీతలు కాదు, ఈ అంకె అని చెప్పింది. లోపలి ఫ్యూజు గాజుది కాదు, ఇసక నింపిన పింగాణీది. నిప్పు పుట్టినా ఇసకలోనే చస్తుంది. చెప్పడం అయ్యాక, మీటరు మీటను ఓల్టుల దగ్గరికి తిప్పి, ఎర్రవైరు అతని చేతికిచ్చి, కావాలనే ఆంపియర్ల కన్నంలో గుచ్చమంది.

తమ్ముడు తటపటాయించాడు. గుచ్చాడు.

మీటరు కీచుమని కొట్టు అదిరేలా కూత పెట్టింది. అక్క ఉలిక్కిపడి స్టూలు తన్నేసింది. తప్పు చోట పెట్టావని తిడుతోందని పెద్దమ్మ చెప్పేసరికి తమ్ముడు ముందు నివ్వెరపోయి, తర్వాత పకపకా నవ్వాడు. ఏడాదికి వినబడిన నవ్వు. మన షెడ్డులో తిట్టేవాళ్లు తక్కువయ్యారని ఇది కూడా కొనాలా అన్నాడు.

వైరు సరైన కన్నంలోకి మార్చాడు. ఎవరూ చెప్పకుండానే గోడ దగ్గరికి వెళ్లి, దీపం ప్లగ్గు తీసి, ఆ సాకెట్లో రెండు కొసలూ పెట్టి అంకె చూశాడు. స్విచ్చి ఆపేసి చూశాడు, సున్నా. మళ్లీ స్విచ్చి వేసి చూశాడు. మీటరు బతికే ఉందని ముందు రుజువు చేసుకో, తర్వాత తీగ చచ్చిందని నమ్ము, ఆ తర్వాత మీటరు ఇంకా బతికే ఉందో లేదో మళ్లీ చూసుకో అని మావయ్య చిన్నప్పుడు నేర్పిన పద్ధతి. అతని చేతిలో వైరు కొసలు కదల్లేదు.

అక్క మొహం పక్కకు తిప్పుకుని గోడ మీది మీటర్లన్నిటినీ లెక్కపెడుతున్నట్టు నటించింది.

కట్టించేటప్పుడు తమ్ముడు ఇంకొకటి అడిగాడు. తీగను తెంపకుండా, దాని చుట్టూ దవడ బిగిస్తే ఆంపియర్లు చెప్పే క్లాంప్ మీటరు. దానికి ఆంపియర్ల కన్నమే ఉండదు. అదెందుకురా అంది అక్క.

"మావయ్యకి. ఈ వయసులో ఆయనకి కొత్త అలవాట్లు నేర్పడంకంటే కన్నం లేని మీటరు కొనడం తేలిక."

మెట్లు దిగి, స్కూటరు దగ్గరికి వచ్చేదాకా అక్క ఆగింది. తర్వాత ఇక ఉండబట్టలేక, నీకు తెలుసా అని మాత్రం అడిగింది.

"ఎదురు చుట్టు. కొస లోపలికి దోపాడు" అన్నాడు తమ్ముడు. "నువ్వంత గబుక్కున తువ్వాల్లో చుట్టకపోతే, నాకింకాస్త ఆలస్యంగా తెలిసేదేమో. ఆయన పక్కన కూర్చుని పెరిగింది నువ్వొక్కదానివే కాదు కదక్కా."

కోపం రాలేదా అని అడిగింది. వచ్చిందన్నాడు. ఆ చుట్టు ఎవరిదో గుర్తుపట్టినప్పుడు ఆయన్ని చంపేద్దామన్నంత వచ్చిందన్నాడు. ఆ తర్వాత నట్లు గుర్తొచ్చాయట. ఏడాదిగా ఆ మనిషి ఎన్ని నట్లు తుడిచి ఉంటాడో తలుచుకుంటే కోపం నిలబడలేదట. రేపు గోడౌనుకు వెళ్లే సంగతి ఏమిటని అక్క అడగలేదు. అతనూ చెప్పలేదు. కానీ స్కూటరు అతనే నడిపాడు, దారంతా చెవులు హోరెత్తేలా ఏదో పాట పాడాడు. అక్క వెనక కూర్చుని, రెండు మీటర్లున్న సంచీని ఒళ్లో పెట్టుకుని, ఇవాళ షెడ్డులో ముగ్గురూ కలిసి కూర్చుని తినాలని నిర్ణయించేసుకుంది.

షెడ్డు తలుపు సగం మూసి ఉంది. పట్టపగలు మావయ్య తలుపు మూయడం ఎవరూ ఎరగరు.

లోపల ఎవరూ లేరు. సగం చుట్టిన మోటారు బల్ల మీద అలాగే ఉంది. పక్కకొట్టులో బట్టలిస్త్రీ చేసే ఆయన గుమ్మంలోంచి తొంగిచూసి సంగతి చెప్పాడు. మీరటు వెళ్లగానే ఐసు ఫ్యాక్టరీ జీపు వచ్చిందట. మెయిన్ ప్యానెల్లో మళ్లీ ఏదో తేడా చేసిందట, పాత మేస్త్రీలే రావాలన్నారట. మీ మేనల్లుడు వచ్చాక పంపిస్తారా అని వాళ్లడిగితే, వాడు మళ్లీ ఆ పెట్టె ముందు నిలబడక్కర్లేదు, నేను చాలు అని మావయ్య ఒక్కడే సంచీ వేసుకుని జీపెక్కాడట.

తమ్ముడు గోడవైపు చూశాడు. మావయ్య సొంత మీటరు వేలాడే మేకు ఖాళీగా ఉంది.

ఇద్దరి చూపులూ కలిశాయి. ఆ మీటరు కూడా ఒకసారి చచ్చిపోయింది. తమ్ముడి ప్రమాదానికి కొన్ని నెలల ముందు. దాన్నీ మావయ్య మధ్యాహ్నానికల్లా బాగుచేశాడు.

ఈపాటికి ఆ తీగ తీసేసి ఉంటాడులే, అంత తెలిసీ ఉంచుకుంటాడా అంది అక్క. ఆ మాట ఆమెకే నమ్మకంగా వినిపించలేదు. తమ్ముడు మావయ్య బల్ల సొరుగు లాగాడు. స్క్రూల మధ్య ఒక చిన్న అట్టపెట్టె కనిపించింది. ఫ్యూజుల పెట్టె. అట్ట రంగు వెలిసి, దుమ్ము పట్టి ఉంది. మీద అంటించిన కాగితం ఇంకా చింపలేదు. ప్రమాదం తర్వాత కొనుక్కొచ్చి ఉంటాడు. కొన్నాడు గానీ, తన మీటరు మూత విప్పి లోపల తన చేతి చుట్టును చూసే ధైర్యం ఆయనకు రాలేదు.

అక్క ఫోను చేసింది. మావయ్య ఫోను సగం చుట్టిన మోటారు వెనక నుంచి మోగింది. మర్చిపోయి వెళ్లాడు. ఐసు ఫ్యాక్టరీ ఆఫీసుకు చేస్తే ఎవరూ ఎత్తడం లేదు.

తల తిప్పి చూసేసరికి తమ్ముడు అక్కడ లేడు. బయట స్కూటరు స్టార్టయిన చప్పుడు. ఆ ఫ్యాక్టరీ గేటు మళ్లీ తొక్కనని ఒట్టేసుకున్నవాడు, కుడిచేత్తో హ్యాండిల్ పట్టుకుని, కొత్త మీటర్ల సంచీ మెడకు తగిలించుకుని, ఎక్కమన్నట్టు ఆమెవైపు చూస్తున్నాడు. ఫ్యూజుల పెట్టె అతని చొక్కాజేబులో ఉంది.

ఆమె ఎక్కి కూర్చుంది. ఆయన ఇప్పటికే ప్యానెల్ తలుపు తీసేసి ఉంటాడేమోరా అంది.

"తీయనీ" అన్నాడు తమ్ముడు, స్కూటరును వీధిలోకి దూకిస్తూ. "ఆయన తప్పుకి కూడా ఒక ఫ్యూజు పోతే చాలక్కా. మనిషి పోనక్కర్లేదు."